గేటు కాసిన గుమాస్తా

జనగామ కోర్టులో చంద్రమౌళి వకీలు దగ్గర పోశాలు గుమాస్తా. నల్లకోటు లేదన్న మాటే గానీ, తరిగొప్పుల వైపు జనానికి అతనే వకీలు. అతని మాట మీద కళ్లు మూసుకుని వకాలత్ కాగితాల మీద వేలిముద్ర వేసేవాళ్లు. చంద్రమౌళికున్న ఆస్తల్లా ఆ నమ్మకమే అంటాను నేను. ఆ పెద్దమనిషి దాన్నే అమ్ముకున్నాడు.

కొన్నది హైదరాబాద్‌లోని ఒక న్యాయసేవల కంపెనీ. దాని షేర్లు మార్కెట్లో ఉన్నాయి. చిన్న ఊళ్లలో వకీళ్ల ఆఫీసులు కొనడం, పాత కేసులు రాజీ చేసి మూసేయడం, లాభం చూపించి షేరు ధర పెంచుకోవడం, ఇదీ దాని ఎదుగుదల. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా బోర్డులు లేచాయి. లాభం రెట్టింపైందని పేపర్లో వేయించుకున్నారు. చంద్రమౌళికి షేర్లు ముట్టాయి. పోశాలుకు కొత్త కుర్చీ దక్కింది. పిచ్చిమారాజు, మన ఆఫీసు పెద్దదైందని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. వకీళ్లు కోర్టును బహిష్కరించారు. తెలంగాణ అంటే ప్రాణమిచ్చే పోశాలు గేటు దగ్గర కాపలా నిలబడ్డాడు. తండా నుంచి మోతీబాయి వచ్చింది. ఆమె చేనును గ్రానైట్ క్వారీవాళ్లు ఆక్రమించారు. పోశాలు మాట మీదే ఆమె చంద్రమౌళికి వకాలత్ ఇచ్చింది. ఆ కేసుకు ఆ రోజే వాయిదా.

“వకీళ్లెవ్వరు లోపలికి పోతలేరు చెల్లె. వాయిదా పడ్తది. ఇంటికి పో.”

“చేను పోదు గదన్నా?”

“నేనున్న గద!”

ఆమె తిరిగి బస్సెక్కింది. ఆ పూటే కంపెనీ పంపిన వకీలు వెనక గేటు నుంచి వెళ్లి, ఆమె తరఫున రాజీకి ఒప్పుకున్నాడు. చేను క్వారీకి పోయింది. రాజీ చేసుకునే అధికారం వకాలత్‌లోనే ఉంది మరి. క్వారీవాళ్లు అప్పటికే కంపెనీకి కొత్త క్లయింట్లు. ఇంతకన్నా నీతిమాలిన పని ఇంకోటి ఉంటుందా?

తెల్లారి సంగతి తెలిసి పోశాలు కుదేలైపోయాడు. మోతీబాయికి అంతా చెప్పి, రాజీ చెల్లదని అర్జీ రాయించి, ఆమెను వెంటబెట్టుకుని కోర్టుకు వచ్చాడు. గేటు దగ్గర అతని దోస్తులే అడ్డం నిలబడ్డారు.

“ఏందే పోశాలు, సమ్మె నడుస్తుంటే నువ్వే లోపలికి పోతవా?”

“జర పోనియ్యుండ్రి. ఈమె బతుకే పోతున్నది!”

పక్కన దీక్షా శిబిరంలో మెడలో దండతో కూర్చున్న చంద్రమౌళి మైకు అందుకున్నాడు.

“మనోడైనా సరే, లోపలికి పోతే తెలంగాణ ద్రోహే!”

ద్రోహి, ద్రోహి అని అందరూ అందుకున్నారు. పోశాలు కదలకుండా నిలబడ్డాడు.

“నిన్న నన్ను వాపస్ పంపింది నా చేను వాళ్లకు రాసిచ్చేటందుకేనా, అన్నా?” అంది మోతీబాయి.

అప్పుడు కూలబడ్డాడు పోశాలు.