మోకాలి మీద పందెం

ఎల్లారెడ్డిలో నాకు మక్కలు, వడ్లు కొనే చిన్న కాంటా ఉంది. చదివింది పదో తరగతి. శాతాలు, సగటులు తేమ మీటరు దగ్గర సొంతంగా నేర్చుకున్నాను. మీటరు ఎంత చూపించినా, బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి పంటి కింద వేసుకోనిదే ధర చెప్పను. దాన్నే మచ్చు చూడటం అంటాం. చెప్పిన మాట మీద సరుకు కొన్న రోజు లేదు.

పని లేని నెలల్లో ఫోన్లో ఆడవాళ్ళ టెన్నిస్ చూడటం అలవాటైంది. ఆట కన్నా దాని పక్కన వచ్చే అంకెలు నచ్చాయి. రెండో సర్వీసు మీద ఎన్ని పాయింట్లు గెలిచింది, మూడో సెట్టుకు వచ్చేసరికి అది ఎంత తగ్గింది, ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. తర్వాత పందెం మొదలైంది. కామారెడ్డిలో ఒక చాయ్ హోటల్లో కూర్చుని పందేలు రాసుకునే అతను ఉండేవాడు. ఐదు వందలు, వెయ్యి. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"సేటూ, ఆడోళ్ళ ఆట మీద పైసలు పెట్టెటోడివి జిల్లా మొత్తంల నువ్వొక్కడివే" అనేవాడు.

"నీకేంది నష్టం?"

"నష్టం గాదు, నవ్వొస్తది."

ఏడాది చివర మేటి క్రీడాకారిణులు ఎనిమిది మందే ఆడే పెద్ద పోటీ ఒకటుంది. ఆ ఏడు అది గల్ఫ్‌లో జరిగింది. నా భార్య తమ్ముడు అదే పట్నంలో తొమ్మిదేళ్ళుగా క్లీనింగ్ పని చేస్తున్నాడు. పోటీ జరిగినన్ని రోజులు అతనికి స్టేడియంలోనే డ్యూటీ పడింది. ఆటగత్తెలు నడిచే వరండా, మెట్లు తుడవాలి.

నా లెక్కల ప్రకారం కప్పు ఒక పొడుగాటి అమ్మాయిదే. కానీ సెమీఫైనల్ ముందరి మ్యాచులో, మూడో సెట్టులో, ఆమె రెండో సర్వీసు సగానికి పడిపోయింది. అలసటా, కాలి నొప్పా? అంకెల్లో దొరకలేదు. బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఆ పొడుగు పిల్ల మెట్లు ఎట్ల దిగుతుందో చూసి చెప్పు."

"తలెత్తి చూడొద్దంటరు బావా. నేల చూడాలె, చెత్త చూడాలె, గంతే."

"మొఖం నాకెందుకు? కాళ్ళు చూడు, చాలు."

"పరాయి ఆడిదాని కాళ్ళు చూడమంటున్నవ్. అక్కకు చెప్పాల్నా?" పగలబడి నవ్వాడు. తర్వాత, "చూస్తే నాకేం సమజైతది? వీడియో తీసి పంపుత, నువ్వే చూస్కో" అన్నాడు. నేను వద్దనలేదు.

వీడియో పద్నాలుగు సెకన్లు. ఆమె రెయిలింగు పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. ఎడమ మోకాలు వంగడం లేదు. సెమీఫైనల్లో ఎదుటి అమ్మాయి మీద పదివేలు పెట్టాను. అంత ఎప్పుడూ పెట్టలేదు. రెండు సెట్లలోనే పందెం గెలిచాను.

మర్నాడు కామారెడ్డి వెళ్ళి డబ్బు తీసుకుని బస్సెక్కాను. లింగంపేట దగ్గరికి వస్తుండగా నా భార్య ఫోన్ చేసింది.

"తమ్మున్ని పట్టుకున్నరంట. ఆడోళ్ళ వీడియో తీసిండని ఫోన్ గుంజుకున్నరంట. పని పోయిందంట."

నేను ఏదో అన్నాను. సంచి పక్కకు జరపమన్నాడు కండక్టర్. జరిపాను.

మూడు వారాలకు బామ్మర్దిని ఇంటికి పంపించేశారు. అతని ఇల్లు లింగంపేట. గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల వల్ల అతనికన్నా ముందే కబురు వాడకు చేరింది. నా పేరు అతను ఎక్కడా ఎత్తలేదు. అతని భార్య అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. బిడ్డను తీసుకుని నస్రుల్లాబాద్‌కు, తల్లిగారింటికి పోతానంటోంది. నిజం చెప్పేద్దామని వెళ్ళాను.

ఆమె చేటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. బామ్మర్ది గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"చెల్లే, వాని తప్పు లేదు. తియ్యమన్నది నేనే. పందెం కోసం."

చుట్టడం ఆపలేదు. "నువ్వు? పందెం? బీడీ సుత తాగనోడివి."

"నిజం చెప్తున్న."

"నువ్వు మంచోనివన్నా. బామ్మర్ది కోసం మీదేసుకుంటున్నవ్. గట్ల మీదేసుకోకు."

నోట్‌బుక్కు తెరిచి చూపించాను. ఆ లెక్కలు తనకు తెలియవంది. ఇక మిగిలింది ఒక్కటే. మచ్చు చూసినవాడు నమ్మక తప్పదని నా అనుభవం. ఫోన్ తీశాను.

"వద్దు బావా" అని బామ్మర్ది లేవబోయాడు. అప్పటికే ఆమె చేతికి ఇచ్చేశాను.

పద్నాలుగు సెకన్లు చూసింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది.

"మొఖం ఏది అన్నా?"

ముఖం లేదు. అక్కర్లేదన్నది నేనే. ఎవరికీ కనబడకుండా అతను ఫోన్ నడుము కింద పట్టుకుని తీశాడు.

"కాళ్ళే ఉన్నయి" అంది.

"మోకాలు చూడు చెల్లే, వంగుతలేదు, గందుకే..."

ఫోన్ నా చేతిలో పెట్టింది. ఒళ్ళో పడ్డ తంబాకు పొడి చేటలోకి దులుపుకుని లోపలికి వెళ్ళింది. గెలిచిన డబ్బు బామ్మర్దికి ఇచ్చాను. చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున బస్సుకు ఆమె, బిడ్డ వెళ్ళిపోయారు.

ఐదు నెలలైంది. అతను ఇప్పుడు నా కాంటా దగ్గరే బస్తాలు కుడుతున్నాడు. మొన్న సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు గా వీడియో చూపియ్యకుంటే ఆమె పోకుండె కావచ్చు బావా."

"కావచ్చు" అన్నాను.

తర్వాతి బస్తా మూతి దగ్గరికి పట్టుకున్నాను. అతను కుట్టాడు.