మావయ్య దొంగ ఫొటో అన్నాడు

అరసవల్లిలో ఫొటో స్టూడియో నడిపే మా మావయ్య, నేను తీసిన ఓరియన్ నెబ్యులా ఫొటోను ఈ రోజు షాపు అద్దంలో పెట్టనన్నాడు. భావనపాడు సముద్రం ఒడ్డున చలిలో కూర్చుని తీసిన ఫొటో అది! నెబ్యులా అంటే ఆకాశంలో మెరిసే మేఘం. దీని నడిమధ్య మహా వెలుగు. కెమెరాను నిమిషాల తరబడి తెరిచి ఉంచితే చుట్టూ ఉన్న పల్చటి ఎర్రపొగ వస్తుంది కానీ, మధ్యభాగం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. కొన్ని సెకన్లే తెరిస్తే మధ్యలోని నక్షత్రాలు విడివిడిగా వస్తాయి, చుట్టూ చీకటే. అందుకే రెండు రకాలుగానూ తీసి కంప్యూటర్లో కలిపాను. ఆ సంగతి గొప్పగా చెప్పడమే నా పొరపాటు.

"అయితే ఇది అతుకుల బొమ్మ అల్లుడూ! దొంగ ఫొటో పెడితే నా పరువేటవుతాది?" అన్నాడు.

"ఉన్నదాన్నే రెండు రకాలుగా తీసినాను మావయ్యా. లేనిదేటీ అతికించలేదు" అన్నాను. నేనెందుకు తగ్గుతాను?

మాటలు విని లోపల్నుంచి అత్త వచ్చింది. గోడ మీదున్న వాళ్ళ గృహప్రవేశం గ్రూపు ఫొటో చూపించి, "మరి ఇందులో మా అమ్మ కళ్ళు ఎవులు తెరిసినారు? ఫ్లాషుకి మూసేసిందని, ఓటరు కార్డు ఫొటోలోంచి కళ్ళు తెచ్చి పెట్టినావు కదా!" అంది.

మావయ్య నా పెన్‌డ్రైవ్ అందుకుని, "ఏ సైజు కావాల?" అన్నాడు.

మీ ఇంట్లో గ్రూపు ఫొటోలు కూడా ఒకసారి చూసి, ఎవరి కళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో కామెంట్లో చెప్పండి. నా నక్షత్రాలు మాత్రం అన్నీ ఆకాశంలోవే.