ఇగ్లూను మళ్ళీ గీయించిన సంగతి

మా ముత్తాత రాజా జగన్నాథ భూపతి బహద్దూరు ఎర్రవాగు జమీందారు. కలెక్టరు క్యాంపుకు వస్తే ఆయన ఎదుట కుర్చీలో కూర్చునే హోదా ఆ తాలూకాలో మా ముత్తాతగారికొక్కరికే ఉండేది. ఆ వంశంలో నాలుగో తరంవాణ్ణయిన నేను సింగపూర్‌లో కామిక్ స్ట్రిప్పులు దిద్దాను. చెప్పుకోవడానికి నాకేమీ సంకోచం లేదు.

కరోనాకు ముందు సంవత్సరం జురాంగ్ వెస్ట్‌లోని ఒక స్టూడియోలో నన్ను కంటిన్యుటీ ఎడిటర్‌గా వేశారు. మొదటి గడిలో ఎడమ చేతికున్న కట్టు మూడో గడిలో కుడి చేతికి మారకుండా చూసే అధికారి అన్నమాట. పెన్సిలు, ఇంకు, రంగు, అక్షరాలు అన్నీ అయ్యాక నా సంతకంతో స్ట్రిప్పు బయటికి వెళ్ళేది. అక్కడ నన్ను రాజాసార్ అనేవారు, నేను వద్దనలేదు.

మాకు అప్పగించింది కెనడా పత్రికల్లో వచ్చే స్ట్రిప్పు. ఉత్తరాది మంచులో ఎర్రకోటు పోలీసు, కుక్కల బండి, ఇగ్లూ. కెనడా దక్షిణాన నగరాల్లో ఉండే పాఠకులు పొద్దున్నే దాన్ని చూసి తమది ఏ దేశమో గుర్తు చేసుకుంటారని మాకు చెప్పారు. గీసేది ఫాతిమా, హైదరాబాదు అమ్మాయి. మా ఇద్దరిలో ఒక్కరూ మంచు చూసినవారు కారు. దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. అచ్చులో మంచును గీయరు, కాగితాన్ని తెల్లగా వదిలేస్తారు.

ఒకసారి ఆ ఉత్తరాదికే చెందిన రిటైర్డ్ టీచరమ్మ ఒకరు సింగపూర్ చూడడానికి వచ్చి, మా స్టూడియోకూ వచ్చారు. బొమ్మలు చూసి చాలాసేపు నవ్వారు. ఆమె వెళ్ళగానే ఫాతిమా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"రాజాసార్, ఇగ్లూలల్ల ఎవ్వలు ఉంటలేరంట! హీటర్లున్న ఇండ్లంట, సూపర్‌మార్కెట్లంట. మన టోవా పాయో ఫ్లాట్లల్ల లెక్కనే బతుకుతున్నరు. మనం గీసేదంతా ఝూటే!"

"అయితే ఉన్నది గీసి చూపించమ్మా," అన్నాను.

గీసింది. అంత మంచి స్ట్రిప్పులు నా సర్వీసులో చూడలేదు. సూపర్‌మార్కెట్‌లో కొబ్బరికాయను అనుమానంగా చూస్తున్న ఎర్రకోటు పోలీసు నాకిప్పటికీ గుర్తే. సంతకం చేసి పంపాను.

టొరంటో నుంచి అక్కడి ఎడిటరు ఫోన్ చేశాడు. ఇది మా ఉత్తరాది కాదు, ఎండల్లో ఉండే మీకు అర్థం కాదు అన్నాడు. మీరెప్పుడైనా అక్కడికి వెళ్ళారా అని మర్యాదగానే అడిగాను. వెళ్ళలేదట. ఆ చలి ఆయనకు పడదట. ఇగ్లూ తిరిగి రాకపోతే ఒప్పందం రద్దు అన్నాడు. ఒప్పందం పోతే ఫాతిమా ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు వర్క్ పాస్ పోతుంది. బడికి వెళ్ళే కూతురితో సహా దేశం వదలాలి.

"ఉన్నది గీస్తే తప్పా, సార్?" అంది ఫాతిమా.

మా ముత్తాత ఏనుగు అంబారీలో కూర్చున్న ఫొటో సంగతి చెప్పాను. అంబారీ మాదే, ఏనుగు మాత్రం పక్క జమీ నుంచి అరువు తెచ్చినది. ఆయన ఎక్కింది ఆ ఒక్కసారే. అయినా జిల్లాలో ఎర్రవాగు అంటే ఆ ఏనుగే.

"అంటే మళ్ల ఇగ్లూనా?"

"ఇగ్లూనే."

"ఒకటెందుకు, రెండు గీస్త. పండుగ చేస్కోమనుండ్రి!"

రెండు గీసింది. అసలైన ఉత్తరాది తిరిగి వచ్చిందని ఎడిటరు మెచ్చుకున్నాడు. ఫాతిమా పాస్ రెన్యూ అయింది.

నేను నేర్చుకున్నది ఇది: బొమ్మ ముందటి బొమ్మతో కలవాలి, అదే కంటిన్యుటీ. ఊరితో కలిసిందా లేదా అని చూడడం వేరే శాఖ పని, ఆ శాఖను ఎవరూ పెట్టలేదు.

మా అంబారీని నాన్నగారు విశాఖపట్నంలో ఒక హోటలుకు అమ్మేశారు. దాంతో పాటు ఫొటో కూడా కావాలన్నారు హోటలువాళ్ళు. అదీ అమ్మారు.