నూకరత్నం అడిగిన గ్రాఫిక్స్ కార్డు

2024. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. రాజాంలో పాలకొండ రోడ్డు మీద నాది కంప్యూటర్ల షాపు. కొత్తవి అసెంబుల్ చేసి అమ్ముతాను, పాతవి బాగుచేస్తాను. పెళ్ళిళ్ళ సీజనొచ్చిందంటే వంటవాళ్ళకీ, మేళగాళ్ళకీ ఎంత గిరాకీయో నాకూ అంతే. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ళ సిస్టములు సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. ఏడాది పొడుగునా దుమ్మైనా దులపరు గానీ, ముహూర్తాలు రాగానే "అన్నా, హేంగైపోతంది" అంటూ పరుగెత్తుకొస్తారు. లోపల తిట్టుకుంటూనే చేసిపెడతాను.

ఆ రోజు షట్టరు ఎత్తి ఇంకా దేవుడి పటానికి అగరొత్తి వెలిగించలేదు, ఆటో ఆగింది. ఒకావిడ దుప్పటిలో చుట్టిన కంప్యూటర్ కేబినెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దింపడానికి నేను చెయ్యివేస్తే వదల్లేదు. తనే మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టింది.

"గ్రాఫిక్స్ కార్డు కావాలండి. మీ కాడ ఉన్నవాట్లో పెద్దది."

"పెద్దదంటే ఎంత పెద్దదమ్మా? నువ్వు చేసే పనేటి?"

"మిక్సింగండి. పెద్దదే ఇవ్వండి. రెండరు జెట్టులా ఎల్లిపోవాల."

పేరు నూకరత్నం. ఊరు పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె. పెళ్ళికి ముందు చీపురుపల్లిలో ఒక స్టూడియోలో పనిచేస్తూ మిక్సింగ్ నేర్చుకుంది. ఇప్పుడు స్టూడియోలవాళ్ళు మెమరీ కార్డులు ఇంటికే పంపిస్తారు, ఈమె వీడియో తయారుచేసి తిరిగి ఇస్తుంది. ఆడపిల్ల ఈ పని చెయ్యడం మా వేపు కొత్త. అందులోనూ వలలూ చేపల బుట్టలూ ఉన్న ఇంట్లో, ఒక మూలన కూర్చుని ఊరందరి పెళ్ళిళ్ళకీ పూలవాన కురిపించడం ఇంకా కొత్త.

రెండర్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మిక్సింగులో క్లిప్పులు కోసి, అతికి, రంగులు దిద్ది, పాటలు వేసి ఒక వరసలో పెడతారు. అప్పటికది వీడియో కాదు. కూరలు తరిగి, పోపు దినుసులు పక్కన పెట్టుకోవడంలాంటిది. అన్నీ కలిపి ఒక ఫైలుగా వండి దించే పనే రెండర్. పెద్ద పెళ్ళయితే ఈమె సిస్టం పగలూ రాత్రీ దానిమీదే కూర్చునేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొచ్చేది.

"అంత తొందరేటమ్మా? సీజను సగం అయ్యాక తాపీగా కొనుక్కోవచ్చు కదా" అన్నాను.

"బోటు ఒడ్డుకొచ్చిందండి" అంది. అదే జవాబన్నట్టు నా మొహంలోకి చూసింది.

ఆమె భర్త ఎల్లాజీ గుజరాత్‌లో వేరావల్ బోటు మీద పనిచేస్తాడు. మా ఒడ్డు పల్లెల మగవాళ్ళు చాలామంది వానాకాలం మధ్యలో అక్కడికి వెళ్ళి, వేసవికి తిరిగొస్తారు. బోటు ఎక్కితే వారాల తరబడి నడిసముద్రంలోనే. చేప దింపి, ఐసూ డీజిలూ ఎక్కించుకోవడానికి రెండు మూడు రోజులు ఒడ్డుకొస్తారు. ఫోను పలికేది అప్పుడే. నూకరత్నం నిండు నెలల్లో ఉండగా అతను రైలెక్కాడు. కూతురు పుట్టింది, బోర్లాపడింది, పాకింది. తండ్రి చూసిందల్లా ఫోనులో ఆగి ఆగి వచ్చే ముక్కలే.

"మొన్న దానికి అన్నప్రాసన సేసినామండి. ఆ వీడియో ఆయన సూడాల. రేపో ఎల్లుండో మళ్ళీ ఎల్లిపోతాది బోటు. బారసాలది మిక్సింగే సెయ్యనేదు, పెళ్ళోళ్ళ పనితోటే సరిపోనాది. ఇదీ అలాగైతే నానింక ఈ మిషనుని సముద్రంలో పారేత్తాను."

"దానికేటమ్మా, తీసింది తీసినట్టు ఫోన్లో పంపించెయ్యకపోయావా?"

ఆ మాటకి కళ్ళెర్రజేసింది. "పచ్చిగానా? ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళకీ పూలూ పాటలూ ఏసి, నా కూతురిది ఒట్టినే పంపుతానేటండి? బోట్లో అందరూ మా ఊరోళ్ళే. ఒకే ఫోను సుట్టూ కూకుని సూత్తారు. రత్నం మిక్సింగంటే ఇదేనేటని నవ్వరా?"

పనితనం మీద ఆమాత్రం పౌరుషం ఉన్నవాళ్ళంటే నాకు ఇష్టం.

నా దగ్గర ఒక పద్ధతుంది. గ్రాఫిక్స్ కార్డు అడిగినవాళ్ళకి ముందు డబ్బా చూపించను. వాళ్ళ క్లిప్పులే నా టేబుల్ మీద నడిపిస్తాను. నూకరత్నం దగ్గర హార్డ్ డిస్కుంది. అన్నప్రాసన క్లిప్పులు అందులోనే ఉన్నాయంది. స్టూడియోవాళ్ళ కొత్త కెమెరా ఒక పూటకి అడిగి తెచ్చుకుని తనే తీసిందట. ఆమె సిస్టంలో నా దగ్గరున్న పెద్ద కార్డు బిగించి, ఒక క్లిప్పు తెరిచాను.

చాప మీద పిల్ల. ముందు పుస్తకం, పెన్ను, పువ్వు, బంగారు గొలుసు వరసగా పెట్టారు. చివర్న ఒక వల ముక్క. పిల్ల అన్నీ దాటుకుని తిన్నగా వెళ్ళి వల పట్టుకుంది. వెంటనే ఒక ముసలమ్మ కేక: "ఒలమ్మో! ఆడపిల్లకి వలేటే! తీసీండి, తీసీండి!" ఇల్లంతా నవ్వు. ఆ నవ్వుల్లోంచి, కెమెరా వెనకనుంచి దగ్గరగా ఒక గొంతు: "అమ్ములూ... ఇటు సూడే. నాన్నకి సూపిత్తాను. ఇటు సూడు తల్లీ." ఆ వెనక సముద్రం హోరు.

షాపులో నేనూ నవ్వాను. నూకరత్నం మాత్రం బొమ్మ ఆగి ఆగి నడవడమే చూస్తోంది. "ఇంత పెద్ద కార్డెట్టినా ఇలాగే ఉన్నాదేటండి?"

స్క్రీన్ మీద గ్రాఫులు తీసి చూపించాను. ప్రాసెసర్ గీత నెత్తికెక్కి కూర్చుంది. కార్డు గీత నేలమీద పాకుతోంది.

"చూశావా? ప్రాసెసర్ చెమటలు కక్కుతుంటే నీ పెద్ద కార్డు గోళ్ళు గిల్లుకుంటోంది."

సంగతేమిటంటే, వీడియోని కుదించి మడతపెట్టే పద్ధతిని కోడెక్ అంటారు. ఈ కొత్త కెమెరాలు రంగుల వివరం బాగా దట్టించి, గట్టి మడత పెడతాయి. ఆ రకం మడత విప్పడం అప్పట్లో దొరికే చాలా పెద్ద కార్డులకి రాదు. అవి ఆటలకి పులులే. ఎఫెక్టులు వెయ్యడంలోనూ గట్టివే. కానీ ముందు మడత విప్పి ఇచ్చేవాడు ఉండాలి కదా. నా దగ్గర వేరే కంపెనీ కార్డు ఒకటుంది. చిన్నది, ధరా తక్కువ. చూస్తే దానిమీద ఎవరికీ గురి కుదరదు. దానికి ఆ మడత విప్పడం వచ్చు.

అది తీసి టేబుల్ మీద పెట్టేసరికి నూకరత్నం మొహం మాడిపోయింది.

"ఆడదాన్ననేటండి, సిన్నది అంటగడతన్నారు?"

"ఓ తల్లీ! పెద్దది అమ్ముకుంటే నాకే లాభం. బిగించి చూపిస్తాను, నచ్చకపోతే పట్టుకెళ్ళొద్దు. కాసేపు నోరు మూసుకుని కూర్చో."

కూర్చుంది గానీ నోరు మూసుకోలేదు. నేను పెద్ద కార్డు పీకి చిన్నది బిగిస్తున్నంతసేపూ ఎల్లాజీ సంగతులే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాట్లాడడట, ఫోనులో మాత్రం వాగుతాడట. కూతురికి ఎవరి ముక్కొచ్చిందని ప్రతిసారీ అడుగుతాడట. "అంత దూరాన్నుంచి ముక్కు సంగతేటండి" అని నవ్వింది. నవ్వుతూనే పైట చెంగుతో మొహం తుడుచుకుంది. నేను స్క్రూల వేపు చూశాను.

కంప్యూటర్ లేచేటప్పుడు మార్చుకునే సెట్టింగులుంటాయి, వాటిని బయోస్ అంటాం. ఈ చిన్న కార్డుకి అందులో ఒకటి ఆన్ చెయ్యాలి, లేకపోతే సగం నిద్రలో ఉంటుంది. అది చేసి మళ్ళీ అదే క్లిప్పు తెరిచాను. పిల్ల ఎక్కడా ఆగకుండా పాకింది. వల పట్టుకుంది. ముసలమ్మ కేకేసింది. ఒక ముక్క రెండరు కొట్టి చూపిస్తే, నూకరత్నం కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరకొచ్చి నిలబడింది. "ఇదే ఇవ్వండి అన్నియ్యా" అంది. అంతవరకూ నేను 'అండీ'ని.

ఆ సాయంత్రమే ఫోను చేసింది. పాటలు, పూలు, మెరుపులు, పిల్ల చుట్టూ తిరిగే సీతాకోకచిలకలు అన్నీ వేసి రెండరు పెట్టి, పొయ్యి మీద అన్నం దించేలోగా అయిపోయిందట. ఎల్లాజీకి వెళ్ళిపోయిందట. నాకూ పంపించింది. చూశాను. నిజంగా బాగా చేసింది. మొదటినుంచి చివరిదాకా ఒక లాలిపాట. ముసలమ్మ నోరు తెరుస్తుంది, కేక లేదు. అందరూ నవ్వుతారు, నవ్వు లేదు. ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటన్నది మాత్రం అప్పుడు నాకు తట్టలేదు. మిక్సింగంటే అంతే కదా, కెమెరా సౌండు తీసేసి పాట వెయ్యడం. అందరూ చేసేదే.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

"అన్నియ్యా, ఆయన సూసినాడు. బోట్లో అందరూ సూసినారు. బాగుందన్నారు. తరవాత ఒక్కడే ఫోను సేసి 'ఒసే, అందరూ ఉన్నారు, నువ్వు నేవేటే' అన్నాడు. 'కెమెరా నా సేతిలో ఉంటే నానెలా కనపడతాను' అన్నాను. 'కనపడకపోతే పోనీ, మాటైనా ఇనపడదేటి? పాటలు బోట్లో సానా ఉన్నాయి. నడిసముద్రంలో ఫోను పలకదు కదే, నీ గొంతు ఎక్కడ తెచ్చుకోనే' అన్నాడు."

ఆ గొంతు నా షాపులో, నా స్పీకర్లలో నేను విన్నాను.

"ఒరిజినల్ క్లిప్పులు ఉన్నాయా తల్లీ? చెరిపెయ్యలేదు కదా?" అన్నాను. మెమరీ కార్డు ఖాళీ చేసి తిరిగి ఇచ్చెయ్యడం ఈ పనిలో అలవాటు. హార్డ్ డిస్కు నిండితే మొదట పోయేవి పాత క్లిప్పులే.

"ఉన్నాయి. కానీ ఐసు ఎక్కించేత్తన్నారంట. సీకటి పడకముందే ఎల్లిపోతారు. అవుతాదేటి అన్నియ్యా?"

"ఎందుకవదు? పాట మ్యూట్ చెయ్యి. సీతాకోకచిలకల్ని తీసి అవతల పారెయ్. క్లిప్పుల సౌండు పైకి తెచ్చి రెండరు కొట్టు. ఫోను పెట్టు ముందు!"

ఆ మధ్యాహ్నం నేను ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. ఎవరో ప్రింటర్ ఇంకు అడిగితే మౌస్ ఇచ్చాను. పొద్దు వాలుతుండగా మెసేజ్ వచ్చింది. మూడే మాటలు. "ఎల్లింది. ఇన్నాడు. ఎల్లిపోనాడు."

చైత్రం దాటాక వాళ్ళు ముగ్గురూ షాపుకొచ్చారు. ఎల్లాజీ ఎండకి కమిలిపోయిన మనిషి. నిజంగానే మాట్లాడడు. కూతుర్ని చంకనెత్తుకుని షాపంతా కలయచూశాడు. ఆ కార్డు ఎలా ఉంటుందో చూపించమన్నాడు. అలాంటిదే ఒకటి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, "ఇంత సిన్నదా" అన్నాడు. తిరిగి ఇస్తూ, "ఆ వీడియో రోజూ ఎట్టుకుని పడుకునీవోణ్ణి బాబూ" అన్నాడు. నూకరత్నం సిగ్గుపడి పిల్ల గౌను సర్దింది. పిల్ల ముక్కు మాత్రం తండ్రిదే.

ఇప్పుడు మిక్సింగ్ వాళ్ళెవరు కార్డుకోసం వచ్చినా, మీ క్లిప్పులేవి అని అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతాను. చూసేదెవరు, వాళ్ళు ఎక్కడుంటారు అని. కార్డు ఎంపికకీ దానికీ సంబంధమేటని కొందరు విసుక్కుంటారు. పాట కింద అసలు సౌండు కొంచెం వదలండ్రా అంటే నవ్వుతారు. నవ్వుకోనీ.

ఆ రోజు నూకరత్నంవాళ్ళు వెళ్ళాక, ఇంట్లో బీరువాలోంచి మా పెళ్ళి వీడియో తీశాను. అప్పట్లో కేసెట్ మీద తీసి, మిక్సింగ్ చేసిన కాపీ మనకిచ్చి, తీసిన కేసెట్ మీదే ఇంకో పెళ్ళి ఎక్కించేసేవారు. అసలుది ఎక్కడా లేదు. పీటల మీద కూర్చున్న నా దగ్గరకి మా నాన్న వంగుతారు. నా నుదుటి మీద బాసికం సరిచేసి, చెవి దగ్గర ఏదో అంటారు. నేను పకపకా నవ్వుతాను. పైన పాట. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఏమన్నారో నాకు గుర్తులేదు. పాట ఆపేసి, ఆ పెదాలు కదిలే చోటే వెనక్కి తిప్పి తిప్పి చూశాను. నా షాపులో ఉన్న కార్డులన్నీ బిగించినా అది వినపడదు. నేను అంతలా నవ్వానంటే ఏదో వేళాకోళమే అయుంటుంది. అదేటో ఒక్కసారి వినాలనుంది.