పెద్దమ్మ ఇల్లిల్లూ తిప్పిన స్కాన్ ఫోటో

నిన్న పొద్దున నాగ్‌పూర్ హాస్టల్లో తల దువ్వుకుంటుంటే పెద్దమ్మ ఫోన్.

"మీ పెద్దబాపు పోయిండు బిడ్డా."

అలాగే బస్సెక్కాను. భద్రావతి దాటాక పక్కసీటు ఆవిడ చెబితే గానీ దువ్వెన ఇంకా జుట్టులోనే ఉందని తెలియలేదు.

మా బాపుకి అన్న. బొగ్గుగనిలో డ్యూటీలు చేసి తమ్ముణ్ణి చదివించిన మనిషి. చంద్రపూర్‌లో మా కాలనీ మొత్తానికి పెద్దదిక్కు.

అలాంటి మనిషి నానమ్మ శవం దగ్గర పకపకా నవ్వాడు.
"జిలేబీ తెప్పియ్యుర్రి" అన్నాడు.

తాగాడనుకున్నారు అందరూ. బాపు ఆ రోజే అన్నతో మాట మానేశాడు.

నేను కూడా.

తర్వాత ఇంకా ముదిరింది. ఇంటికొచ్చినవాళ్ళని తిట్టడం, పక్కవాళ్ళ ప్లేట్లోది తీసి తినేయడం. కాలనీ తలుపులేసుకుంది. పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఇది తాగుడు కాదు, జబ్బేమోనని నెట్‌లో ఏవేవో చదివి, నేనే పట్టుబట్టి నాగ్‌పూర్‌లో డాక్టర్‌కి చూపించాను. ఆయన పెట్ స్కాన్ రాశారు. కాస్త రేడియోధార్మికత కలిపిన చక్కెరని ఇంజెక్షన్‌గా ఇస్తారు. మెదడు పనిచేసే చోటల్లా దాన్ని లాక్కుంటుంది, ఫోటోలో ఎర్రగా, పసుపుగా వెలుగుతుంది. పని మందగించిన చోటు నీలంగా ఉండిపోతుంది.

పెద్దబాపు మెదడు వెనకంతా వెలుగే.
ముందు భాగం నీలం.

లక్షణాలనీ ఫోటోనీ కలిపి చూసి డాక్టర్ చెప్పారు. ఇదొక రకం డిమెన్షియా. జ్ఞాపకాల కన్నా ముందు సిగ్గూ, జాలీ, అదుపూ పోతాయట. నయం చేసే మందు లేదు.

పెద్దమ్మ మందు సంగతి విననేలేదు.
"అంటే గాయిన కావాలని నవ్వలే?" అని మూడుసార్లు అడిగింది.

ఇక పెళ్ళికార్డులు పంచినట్టు ఆ ఫోటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.
"చూడుర్రి, మిమ్మల్ని తిట్టింది గీ నీలం. మా ఆయన కాదు. ఇగనన్న ఇంటికి రార్రి."

ఆఖరికి మా ఇంటికొచ్చింది.

"రంగులు చూపిస్తే నమ్మాల్నా వదినా?" అన్నాడు బాపు.

"మిషిన్ నాకేమన్న చుట్టమా, నా దిక్కు మాట్లాడనీకి?"

బాపు ఫోటోని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చాలాసేపు చూశాడు.

ఆ ఆదివారం షేవింగ్ డబ్బా తీసుకుని అన్న ఇంటికి వెళ్ళాడు. సబ్బు పూస్తున్నంతసేపూ పెద్దబాపు బూతులే.
"తిట్టు అన్నా, తిట్టు" అంటూ బాపు గడ్డం గీస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఒక్క ఆదివారమూ తప్పలేదు.

నిన్న నేను చేరేసరికి బాపు అన్నకి గడ్డం గీస్తున్నాడు. నన్ను చూసి బ్లేడు ఆపాడు.

"తిడ్తలేడు బిడ్డా."

పెద్దబాపూ, మాట మానేసినందుకు నన్ను కూడా నాలుగు తిట్టాల్సింది.
ఇగ నిమ్మళంగ పండుకో.