గంటా ఇరవై నిమిషాల దారి

దెయ్యాల కబుర్లంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా నవ్వేది నేనే. నా ఉద్యోగమే తప్పులు పట్టడం. వింత కనిపిస్తే ఎవరి పొరపాటో వెతుకుతాను తప్ప దండం పెట్టను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం ఇంతవరకూ తప్పు దొరకలేదు.

మా ఆఫీసు రాయదుర్గంలో. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చెప్పే వెబ్‌సైట్‌కి నేను టెస్టర్‌ని. అందులో మాయేమీ లేదు. దూరాన్ని వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలుపుతుంది. అవే రెండు ఊళ్లు వందసార్లు కొట్టినా అదే జవాబు రావాలి.

సైట్‌లో టికెట్లు కూడా కొనుక్కోవచ్చు కాబట్టి పరీక్ష కోసం ఉత్తుత్తి టికెట్లు తయారుచేస్తాం. అన్ని పేర్లు ఎక్కడినుంచి తెస్తాం, ఇంట్లోవాళ్లవే రాసేస్తాం. నేనెప్పుడూ మా తమ్ముడు కిరణ్ పేరు రాస్తాను.

కిరణ్ ఓడలో ఎలక్ట్రీషియన్. ఆ రోజు పసిఫిక్‌లో ఒక చిన్న దీవి నుంచి ఇంకో దీవికి విమానంలో వెళ్లి ఓడ ఎక్కాలి. పొద్దున సరదాకి ఆ రెండు దీవులే పెట్టి వాడి పేరున ఒక టికెట్ చేశాను. ఆరువందల నలభై కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు అని వచ్చింది. మన టైము పదకొండింటికి విమానం కదులుతోందని వాడు మెసేజ్ పెట్టాడు.

ఒంటిగంటయినా ఫోన్ లేదు. వాడి నంబరు కలవడం లేదు. మళ్లీ ఆ పేజీ తెరిచాను. దూరం అదే. ప్రయాణ సమయం మాత్రం రెండు గంటలు అని ఉంది.

కాసేపాగి చూస్తే రెండు గంటల పది. ఇంకాసేపటికి రెండున్నర. వాడు బయల్దేరి ఎంతసేపయిందో సరిగ్గా అంత. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. కూకట్‌పల్లి నుంచి అమ్మ "దిగాడా" అని రెండుసార్లు ఫోన్ చేసింది. సిగ్నల్ లేదేమోనని అబద్ధం చెప్పాను.

ఆ లెక్క రాసిన యాదగిరిది నా పక్క సీటే. "టికెట్లకు, లెక్కకు సంబంధమే లేదు. గిట్లెట్ల అయితది?" అంటూ మొత్తం వెతికాడు. వేరే ఏ ఊళ్లు కొట్టినా జవాబు సరిగ్గానే వస్తోంది. "జర పరేషాన్ గాకు. ఆ టికెట్ డిలీట్ చెయ్, మంచిగైతది" అన్నాడు.

మౌస్ మీద చెయ్యి పెట్టాను. తెర మీద తమ్ముడి పేరు, పక్కన 'ప్రయాణంలో' అని. నా చేత్తో వాడి పేరు ఎలా చెరిపేయను? భయంతో ఏడుపొచ్చేసింది. చెరపలేదు. 'ప్రయాణంలో' అన్నచోట 'చేరారు' అని మార్చి సేవ్ కొట్టాను. అంకె నాలుగు గంటల పన్నెండు నిమిషాల దగ్గర ఆగింది.

నిమిషం కాకముందే ఫోన్ మోగింది.

"అక్కా, దిగాను. ఏంటా ఏడుపు? గంటా ఇరవై నిమిషాలేగా" అన్నాడు కిరణ్.

అమ్మకి ఫోన్ చేయడానికి వీలుగా వాడి చేతి గడియారం ఎప్పుడూ మన టైములోనే ఉంటుంది. అందులో పన్నెండూ ఇరవై అయిందట. మా ఆఫీసు గడియారంలో మూడుంపావు కావస్తోంది. విమానం మధ్యలో ఎక్కడా దిగలేదన్నాడు. అంత చిన్న విమానంలో అన్ని గంటలకి ఇంధనం పట్టదని తర్వాత తెలిసింది. ఆ మిగతా సమయమంతా ఎక్కడున్నాడో వాడికే తెలియదు.

మర్నాడు పేజీ మళ్లీ గంటా ఇరవై నిమిషాలే చూపించింది.

మా దగ్గర ప్రతి నెలాఖరుకీ ఉత్తుత్తి టికెట్లన్నీ తుడిచేస్తారు. కిరణ్ పేరున్న ఆ ఒక్కటి ఉంచమని యాదగిరిని అడుగుతాను. ఎందుకని అతను అడగడు. తుడిచి చూసే ధైర్యం నాకు లేదు.