పాత కొలత పెట్టె

ఆ రోజుల్లో కలకత్తా రేవు పక్క గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి తెలుగు ఎంత వచ్చు అంటే, తిట్టుకోవడానికి సరిపోయేంత, దేవుణ్ణి పొగడడానికి సరిపోయేంత. మధ్యలో ఏమీ లేదు. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ, ఇంట్లో మా అమ్మానాన్నలు సిక్కోలు నుంచి మూటగట్టుకొచ్చిన మాట. అచ్చులో తెలుగు చూడాలంటే మాకున్నది ఒక్కటే, సాయంత్రం లాంతరు వెలిగించగానే (కరెంటు ఎలాగూ ఉండేది కాదు) అమ్మ నా ఒళ్లో పెట్టే నల్ల అట్ట బైబిలు పుస్తకం. రోజుకొక అధ్యాయం నేను పైకి చదవాలి, తమ్ముడు కునికిపాట్లు పడకుండా వినాలి, తప్పు చదివితే అమ్మ గరిటెతో నేల మీద కొట్టాలి. అలా చదివి చదివి 'చేయుచున్నాడు', 'వచ్చియున్నది' నా నోట్లో నానిపోయాయి. పెద్దవాళ్లతో, అందులోనూ సంఘం పెద్దలతో, పుస్తకం భాషలో మాట్లాడడమే మర్యాదని నాకు నేనే ఒక సూత్రం కనిపెట్టుకున్నాను. "రేపొస్తాం తాతా" అనాల్సిన చోట "మరునాడు వచ్చెదము తాతగారూ" అనేదాన్ని. వాళ్లు ముచ్చటపడి నా నెత్తి మీద చెయ్యి పెట్టేవారు, పక్కన అమ్మ మొహం వెలిగిపోయేది. పన్నెండేళ్ల పిల్లకి గర్వం తలకెక్కడానికి అంతకంటే ఏం కావాలి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా సంఘంలో ఎవరూ చచ్చిపోయేవారు కాదు. నిద్రించేవారు. "ఫలానా సోదరుడు ప్రభువునందు నిద్రించారు" అని ఆదివారం ఆరాధన చివర్లో చెప్పేవారు, సమాధి రాళ్ల మీదా అదే చెక్కించేవారు. ఆ మాట నాకూ తెలుసు. కాకపోతే అందులో చావున్నది 'ప్రభువునందు' అనే ముక్కలోననీ, 'నిద్రించారు' అంటే మామూలు నిద్రేననీ అనుకున్నాను. వ్యాకరణం ప్రకారం నాది తప్పు కాదని ఇప్పటికీ నా వాదన.

అమ్మకి సముద్రం పిచ్చి. క్రిస్మస్ సెలవులొస్తే చాలు, మమ్మల్ని బస్సెక్కించి, పడవలో ఏరు దాటించి, మళ్లీ బస్సెక్కించి బక్ఖాలీ తీసుకెళ్లేది. "గంగ ఒడ్డునే ఉన్నాం, ఈ నీరు సాలదేటే" అని నాన్న గొణిగేవాడు. "అది ఓడలు కడుక్కున్న నీరు. మనూరు నీరు అక్కడికొస్తాది" అనేది అమ్మ. అక్కడ సరుగుడు చెట్ల కింద చాప పరిచి, పుస్తకం నా చేతికిచ్చి గట్టిగా చదవమనేది. ఆరుబయట చదివితే దేవుడికి బాగా వినిపిస్తుందని ఆవిడ నమ్మకం. దేవుడి సంగతి తెలీదు గానీ, విహారానికొచ్చిన బెంగాలీ బాబులకి మాత్రం బాగా వినిపించేది. మందులమ్మేవాళ్లమనుకుని చుట్టూ మూగేవారు. ఒకాయన చివరిదాకా ఓపిగ్గా విని, మోకాళ్ల నొప్పికి ఏమైనా ఉందా అని అడిగాడు.

నేను చెప్పబోయే ఏడాది మాత్రం విహారానికి వెళ్లలేదు. రేవులో బస్తాలు మోసే నాన్నకి వానాకాలంలో పట్టుకున్న దగ్గు దసరా పూజా సెలవుల నాటికి రక్తం దాకా వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు, సూదులు పొడిచారు, ఇంటికి పంపారు. మందు పనిచేస్తోంది, ఇక తింటే బతుకుతాడు అన్నాడు డాక్టరు. నాన్న తినడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. రెండు చేతులా రెండు బస్తాలు లేపిన మనిషికి గ్లాసు ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సొచ్చేవి. "నాకెందుకే ఈ తిండి, పిల్లలకెట్టు" అనేవాడు. అమ్మ ముద్ద కలిపి నోటి దాకా పట్టుకెళ్లి, అతను మొహం తిప్పుకుంటే అదే ముద్ద తను తినేసేది, పళ్లు కొరుక్కుంటూ. ఆ ముద్దలు ఆవిడకెలా దిగేవో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. చివరికి ఒకరోజు సంచీ సర్దింది. "సముద్రం కాడికెల్దాం. అక్కడా తినకపోతే అప్పుడు సూద్దాం" అంది. తినకపోతే ఏం చూడాలో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

సంఘంలో అందరూ వద్దన్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నది గంట తాత. (షిప్‌యార్డులో రిటైరై మా గుడి గంట కొట్టేవాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.) అమ్మ వినేరకం కాదని తెలిశాక, "సరే, గుడి పక్క మిఠాయి కొట్టుకి పోనైనా కొట్టు. పొద్దున్నపూట నానక్కడే ఉంతాను" అని మాట తీసుకున్నాడు.

బక్ఖాలీలో మొదటి రాత్రి నాన్న దగ్గుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున దగ్గు ఆగింది, నిద్ర పట్టింది. అన్ని నెలల్లో అలా పట్టడం అదే మొదలు. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, కదిలితే లేస్తాడేమోనని ఊపిరి కూడా మెల్లగా పీలుస్తోంది. ఆకలేస్తోందని ఏడుస్తున్న తమ్ముణ్ణి నాకప్పగించి బయటికి తోసింది. "పోను కొట్టు కాడికెల్లి తాతకి సెప్పు. నాన్న నిద్రపోయినాడని, దగ్గు నేదని. పార్తన సెయ్యమను" అంది గుసగుసగా.

అంత పెద్ద కబురు నా నోటికి ఎప్పుడూ అప్పగించలేదు. దారిపొడుగునా వాక్యాలు కూర్చుకుంటూ వెళ్లాను. మిఠాయి కొట్టాయన కేకేస్తే గంట తాత వచ్చి ఫోనందుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"తాతగారూ, మా నాన్నగారు ఈ వేకువను నిద్రించిరి."

"ఏటన్నావమ్మీ?" అన్నాడు తాత.

"నిద్రించిరి. దగ్గు సంపూర్ణముగా ఆగిపోయినది."

"అమ్మ ఏటి సేస్తంది?"

"ప్రక్కనే కూర్చుండి దేవునికి స్తోత్రము చేయుచున్నది. ఏడ్చువారిని బయటికి పంపివేసినది." (ఏడ్చువాడు నా చెయ్యి పట్టుకుని ముక్కు తుడుచుకుంటున్నాడు.)

"బాధ పడినాడేటమ్మా?"

"రాత్రి పడిరి. ఇప్పుడు ఏ బాధయు లేదు. ముఖము ప్రశాంతముగా ఉన్నది."

"మేమొస్తన్నామమ్మీ. అమ్మని దైర్నంగుండమను. ఏటైనా కావాలేటి?"

నేను కాస్త ఆలోచించాను. చలికి దుప్పట్లు చాలక రాత్రి వణికాం. "ఒక మంచి దుప్పటి తెండి" అన్నాను. "తెల్లదైనను పరవాలేదు."

గదికొచ్చి, తాత వాళ్లు వస్తామన్నారని అమ్మకి చెప్పాను. "ఇంత దూరం ఎందుకొస్తారు, మాటవరసకి అనుంటారు" అంది. నాన్న ఆ రోజంతా నిద్రపోయాడు. లేచాక మాత్రం మళ్లీ మామూలే, పళ్లెం తోసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నాన్నని మెల్లగా నడిపించుకొచ్చి సరుగుడు చెట్ల కింద చాప మీద కూర్చోబెట్టాం. మెడకి మఫ్లరు, ఒంటికి రెండు స్వెట్టర్లు. నేను వాక్యం చదువుతున్నాను. రోడ్డు వైపు నుంచి పాట వినిపించింది, తెలుగు పాట, మా సమాధుల దొడ్లో పాడే పాట. ఇసుకలో తెల్లచీరల ఆడవాళ్లు నడిచొస్తున్నారు, వెనక నలుగురు మగవాళ్లు ఒక పెట్టె మోసుకొస్తున్నారు. వాళ్ల వెనక రోడ్డు మీద, రేవు యూనియన్ దాదా దయతలచి ఇచ్చిన మెటాడోర్ వ్యాను ఆగి ఉంది. దాని ముందు కట్టిన ఎర్రజెండా విప్పడం మర్చిపోయినట్టున్నారు, రెపరెపలాడుతోంది. (ఏరు దాటించేటప్పుడు బల్లకట్టు వాళ్లు ఎవరో పెద్ద నాయకుడు పోయాడనుకుని పిడికిళ్లెత్తి లాల్ సలాం చెప్పారట.)

"ఎవులో పోనారే. మనోల్లే" అన్నాడు నాన్న.

"పాపం, ఈ ఊర్లో మనోల్లెవులున్నారు" అంది అమ్మ, కొంగు తలమీద కప్పుకుంటూ.

నాన్న నా భుజం పట్టుకుని లేచాడు. శవం ఎదురొస్తే కూర్చుని ఉండడం ఆయన ఎరగడు. మఫ్లరు తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ముందు నడుస్తున్న గంట తాత కళ్లు తుడుచుకుని చూశాడు, మళ్లీ తుడుచుకుని చూశాడు. పాట ముందు వరసలో ఆగింది, వెనక వరసలో ఇంకాసేపు సాగింది. పెట్టె మోస్తున్నవాళ్లు ఆగలేక ఇంకో నాలుగడుగులు వేసి, దాన్ని సరిగ్గా నాన్న కాళ్ల ముందు దించారు.

"ఎవులు మావా?" అని నాన్నే అడిగాడు.

గంట తాత నావైపు చూశాడు. అందరూ నావైపు చూశారు. "నిద్రించిరనే చెప్పితిని" అన్నాను నేను. "ప్రభువునందు అనలేదు."

అమ్మ కొడుతుందనుకున్నాను. ఆవిడ ఇసుకలో కూలబడింది. ఆస్పత్రిలో ఏడవలేదు, రక్తం కక్కినప్పుడు ఏడవలేదు, ఇప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చింది. అంత దూరం ఏడవడానికే వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరి, ఆవిడతో కలిసి ఏడ్చారు. వాళ్ల ప్రయాణం వృథా పోలేదనే చెప్పాలి.

నాన్న మాత్రం పెట్టెనే చూస్తున్నాడు. వంగి చేత్తో తట్టాడు. మంచి చెక్క. షిప్‌యార్డు వడ్రంగి, మాకు వరసకి మావ, రాత్రంతా కూర్చుని చేశాడట. నాన్న పెట్టె అడ్డంగా జానెడు జానెడు కొలిచి, తర్వాత తన భుజాలు కొలుచుకున్నాడు. రెండు వైపులా చెయ్యి దూరేంత ఖాళీ.

"ఇంత ఎడల్పెందుకు సేసినావు బావా?" అన్నాడు.

వడ్రంగి మావ నేలచూపులు చూశాడు. "నీ పాత కొలత బావా. నా మనసులో నువ్వింకా అంతే ఉన్నావు."

నాన్న ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి తేలింది. చావింట్లో పొయ్యి వెలగదని వాళ్లు పెద్ద డేగిసా నిండా పప్పూ అన్నం వండుకొచ్చారు. నాన్న ఆ పెట్టె మీదే కూర్చుని, తన చావు కూడు పళ్లెంలో పెట్టించుకుని తిన్నాడు. మారడిగాడు. అమ్మ వడ్డిస్తూ, "తిను. ఈ పెట్టి నిండాలి" అంది. ఆవిడ నవ్వడం లేదు.

పెట్టె మాతోనే ఇంటికొచ్చింది. ఉన్న ఒక్క గదిలో గోడవారగా వేసి, లోపల దుప్పట్లు, వాక్య పుస్తకాలు, ఆదివారపు బడి కథల పుస్తకాలు సర్దింది అమ్మ. మూత మీద మేం హోంవర్కు చేసుకునేవాళ్లం. ఇంటికొచ్చిన బెంగాలీ స్నేహితురాళ్లకి బల్ల అని చెప్పేదాన్ని. ప్రతి క్రిస్మస్‌కి సున్నాలేసేటప్పుడు అంతా ఖాళీ చేసి, "ఏదీ, ఓపాలి పడుకో" అనేది అమ్మ. నాన్న సిగ్గుపడుతూ పెట్టెలో పడుకునేవాడు, నేనూ తమ్ముడూ చెరోవైపు భుజం పక్కన చెయ్యి దూర్చి చూసేవాళ్లం. "ఇంకా దూరతందే అమ్మా" అంటే ఆ ఏడాదంతా నాన్నకి రోజూ గుడ్డు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఒక క్రిస్మస్‌కి నా చెయ్యి దూరలేదు. తమ్ముడి చెయ్యీ దూరలేదు. "నిండిపోనాదే" అన్నాడు నాన్న పెట్టెలోంచి, గొప్పగా. అమ్మ నవ్వింది. నవ్వుతూనే పొయ్యి మూలకెళ్లి, చాలాసేపు అటే తిరిగి నిలబడింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ పడుకోమనలేదు.

నేను భవానీపూర్‌లో ఒక ఆఫీసులో టైపు కొట్టుకునే రోజుల్లో, ఒకనాడు భోజనాల వేళ ఫోనొచ్చింది. అమ్మ. "మీ నాన్న నిద్రపోయినాడే" అంది.

నా ముందు సగం కొట్టిన కాగితం ఉంది. "పోనీలే అమ్మా, లేపకు. నేనొచ్చేసరికి లేస్తాడులే" అన్నాను.

అమ్మ చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా, "ప్రభువునందు, అమ్మీ" అంది.

పెట్టెలోంచి పుస్తకాలు తీసి మంచం మీద పేర్చాం. కొలత సరిగ్గా సరిపోయింది. గంట తాత అప్పటికి లేడు, గంట ఎవరో కుర్రాడు కొట్టాడు. వడ్రంగి మావ వచ్చి, భుజాల పక్కన ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, తలూపి, బయటికెళ్లి కూర్చున్నాడు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. వాక్యం చదువుతూ చదువుతూ మధ్యాహ్నాలు కళ్లజోడుతోనే ఒరిగిపోతుంది. నేను ఆఫీసు నుంచి ఫోను చేసి అమ్మమ్మ ఏం చేస్తోందని అడిగితే, నా కూతురు ఒకసారి ముద్దుగా తెలుగులో చెప్పబోయింది. మధ్యలోనే ఆపేశాను. నాకు తెలుగు మీద అంత ప్రేమ, పిల్లకి పట్టుబట్టి అక్షరాలు దిద్దించాను, అయినా ఆ ఒక్క మాట మాత్రం మా ఇంట్లో బెంగాలీలోనే చెప్పుకోవాలని నియమం పెట్టాను. "దిదా ఘుమోచ్ఛే" అంటుంది ఇప్పుడు. దిదా అంటే అమ్మమ్మ, ఘుమోచ్ఛే అంటే నిద్రపోతోందని, అంతే. ఫోను పెట్టేసి, నిద్రించిరి అని గొంతు సవరించుకున్న ఆ పన్నెండేళ్ల పండితురాల్ని తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వుకున్నాక కూడా, ఇంటికెళ్లగానే ముందు అమ్మ గదిలోకి తొంగి చూసి, కళ్లజోడు తీసే వంకతో ఊపిరి తగులుతోందో లేదో చూసుకుంటాను.